శిశుక్రీడ – పెద్దల ధర్మము



ఈ సాయంత్రము మనము విచారింపబోవు విషయము చూచుటకు చిన్నది. మూడేండ్ల మనుమరాలు కొబ్బరిచిప్పలో ఇసుక పోసి తెచ్చి, "అన్నము వండినాను, తిను తాతయ్యా" అనును. ఆ తాతగారు "మట్టి ముట్టుకొనవద్దు" అని కసరవలయునా? చిప్పను చేతికి తీసుకొని "ఉప్పు చాలలేదమ్మా" అనవలయునా? ప్రతి ఇంట ప్రతి దినము ఎదురగు ఈ ప్రశ్నకు మనమిచ్చు సమాధానమును బట్టి ఆ పసిమనస్సు విచ్చుకొనుటయో, ముడుచుకొనుటయో జరుగుచుండును.

మన పూర్వులు ఈ ఆటలను చులకన చేయలేదు. ఉత్తుత్తి వంటకు గుజ్జనగూళ్ళు అనియు, ఉత్తుత్తి ఇంటికి బొమ్మరిల్లు అనియు ప్రత్యేకముగా పేర్లు పెట్టిరి. లక్కపిడతలు చేయించి ఇచ్చిరి. బొమ్మల పెండ్లికి పప్పుబెల్లములు పంచిరి. సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చి పేరంటము పిలిచిరి.

అయినను కొందరు తల్లిదండ్రులకు ఒక సందేహము కలదు. "లేనిదానిని ఉన్నదనుట అబద్ధము కాదా? పిల్లలకు అది అలవాటు కాదా?" అని మమ్ము అడుగుచుందురు. దీనికి సమాధానము శ్రీమద్భాగవత దశమస్కంధముననే లభించును. గోపబాలురు పక్షుల నీడల వెంట పరుగెత్తిరి, హంసలవలె నడచిరి, కొంగల చెంత కొంగలవలె కూర్చుండిరి, నెమళ్ళతో కూడి నాట్యమాడిరి. ఒకప్పుడు రాజుల ఆట కూడ ఆడిరి. సాక్షాత్తు పరమాత్మయే వారి నడుమ ఆటగాడై ఉండెను.

ఒకనాడు వారు కొందరు గొఱ్ఱెలుగను, కొందరు కాపరులుగను, కొందరు దొంగలుగను ఏర్పడి ఆడుచుండిరి. మయుని కుమారుడైన వ్యోమాసురుడు గోపబాలుని వేషమున ఆ ఆటలో ప్రవేశించి, దొంగగా నటించుచు, బాలురను ఎత్తుకొనిపోయి గుహలో దాచి బండతో మూసివైచెను. నలుగురైదుగురు మాత్రమే మిగిలిరి. శ్రీకృష్ణుడు గ్రహించి, వానిని సంహరించి, బాలురను విడిపించెను. ఈ కథను మేము ఇట్లు అన్వయించుకొనుచున్నాము. దొంగ పాత్ర వేసిన బాలురు దొంగలు కాలేదు. అందరును ఎరిగి ఆడు ఆటలో మోసము లేదు. ఆటను స్వప్రయోజనమునకు వాడుకొన్నవానియందే దోషము కలదు.

మన ప్రక్కనున్న కూచిపూడిని చూడుడు. 1970లో పద్మశ్రీ పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు పురుషులై యుండియు సత్యభామగా రంగముపై నిలిచి దేశమంతట కీర్తి గడించిరి. వారు అబద్ధమాడిరని ఎవరైన అనిరా?

సమీపముననే శ్రీకాకుళమున ఆంధ్ర మహావిష్ణువు వెలసియున్నాడు. ఆ స్వామి కలలో కనిపించి ఆనతిచ్చుటచే ఆముక్తమాల్యద రచించితినని శ్రీకృష్ణదేవరాయలు చెప్పుకొనెను. ఆ కావ్యనాయిక గోదాదేవి స్వామికై కట్టిన దండను తాను ధరించి, పెండ్లికూతురినని భావించి, బావినీటిలో నీడ చూచుకొనెడిది. తండ్రియైన విష్ణుచిత్తులు అది అపచారమని మందలించి, వేరొక దండను సమర్పింపగా, ఆమె ధరించిన దండయే తనకు ప్రీతియని స్వామి స్వప్నమున తెలిపెనని గురుపరంపర కథ. తండ్రికి అపచారముగా తోచినది స్వామికి ప్రీతిపాత్రమయ్యెను. బిడ్డను మందలించుటకు ముందు ఈ కథను మనము ఒక్కసారి తలచుకొనవలయును.

ఆధునికులును ఈ ఆటల విలువను గుర్తించిరి. రష్యా దేశపు మనస్తత్త్వవేత్త వైగోట్‌స్కీ, బాలుడు ఊహాక్రీడలో తనకు తానై నియమమునకు లోబడునని 1933లోనే వివరించెను. ఒకచోట నిలువని పిల్లవాడు కావలివాని పాత్ర వేసినపుడు కదలక నిలుచుటకు యత్నించును. మన 2020 జాతీయ విద్యావిధానము కూడ మూడు మొదలు ఎనిమిదేండ్ల వయస్సు వారికి ఆటపాటలతోడి చదువునే విధించినది.

ఇక మరియొక మాట. పిల్లలు పెండ్లినే కాక చావును కూడ ఆడుదురు. బొమ్మను పాడెపై పెట్టి ఏడ్చుచుందురు. "అశుభము" అని మనము ఉలికిపడుదుము. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమ ప్రక్కవారము మనము. భయము ఎంతకాలము గుండెలో నిలుచునో ఎరుగుదుము. పెద్దలు మాటలతో చెప్పుకొను బాధను పసివారు ఆటతో చెప్పుకొందురు. గద్దింపక ప్రక్కన కూర్చుండుడు. ఊరట లేక అదే ఆటను భయముతో పదే పదే ఆడుచున్నయెడల, నిద్రాహారములు చెడినయెడల, వైద్యునకు చూపుడు.

కావున తల్లిదండ్రులు ఆచరింపదగినవి కొన్ని చెప్పెదము. దినమునకు కొంత వేళ చదువు, సెల్‌ఫోను, టీవీ లేకుండ బిడ్డకు విడిచిపెట్టుడు. ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. పాత చీర, అట్టపెట్టె, తాటికాయలు, చిప్పలు చాలును. కాలువ గట్టు, బావి, చెరువు దరి కాక, మీ కంటికి ఆనుచోట ఆడనిండు. మరీ పసివారికి నోట పెట్టుకొను చిన్న వస్తువులను ఇయ్యకుడు. పిలిచినపుడే ఆటలోనికి పొండు. వారిచ్చిన పాత్రనే ధరింపుడు. "గొఱ్ఱెలెన్ని? ఇంగ్లీషులో చెప్పు" అని పరీక్ష పెట్టితిమా, ఆ ఆటను గుహలో పెట్టి బండ మూసినవారమగుదుము. భోజనమునకు పిలువవలసివచ్చినపుడు ఒక్కసారిగా చేయి పట్టి లాగక, "బండి స్టేషను చేరినదా నాయనా? దిగి రమ్ము" అని ఆటలోని మాటతోనే పిలువుడు. మగపిల్లవాడు వంట ఆడినను, ఆడపిల్ల బండి తోలినను నవ్వకుడు.

ఎదుటివాని స్థానమున తన్ను నిలుపుకొని చూచుటయే దయకు మూలము. తల్లిగా, రోగిగా, బిచ్చగానిగా, గొఱ్ఱెగా నటించు పసివాడు ఆ విద్యనే అభ్యసించుచున్నాడు. బాలకృష్ణుని ఊయలలో పెట్టి ఊపి సేవించు మనము, మన ఇంటి బాలకృష్ణుల ఆటలకు అడ్డు రాకుందుము గాక!

స్వస్తి.