రావులపాలెంలో రాత్రి పాట

ఉద్యోగరీత్యా రావులపాలెం వచ్చినవారు ముందుగా అడిగేది, పొద్దుగూకాక ఇక్కడ ఎటు వెళ్లాలి, పాట ఎక్కడ వినాలి అని. హైదరాబాదులోలా టికెట్టు కొని కూర్చునే వేదికలు ఇక్కడ వెతక్కండి. కోనసీమలో రాత్రి సంగీతం తిథిని బట్టి నడుస్తుంది. అందుకే ముందు ఒక పంచాంగం కొనుక్కోండి.

మార్గశిరంలో సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థాలు మొదలవుతాయి. మాఘశుద్ధ దశమి రాత్రి అంతర్వేది నరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టం ఊరి అమ్మవారి జాతర. అమ్మవారి కలశమైన గరగను నెత్తిన పెట్టుకున్న కళాకారుడు డప్పుల జోరుకు అడుగు వేస్తాడు. దరువు వేగం పెరిగేకొద్దీ కాలి గజ్జెలు దాన్ని అందుకుంటాయి. ఫోనులో చూస్తే అందులో సగం కూడా తెలియదు. దగ్గర నిలబడాలి, ఆ మోత గుండెకు తగలాలి.

శాస్త్రీయ సంగీతానికీ ఈ నేల పుట్టినిల్లే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలో పుట్టారు. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో గోదావరి పాయ వశిష్ఠకు ఆవలి పాలకొల్లులో పుట్టారు. కచేరీలకు మాత్రం జొన్నాడ వంతెన దాటి రాజమహేంద్రవరం వెళ్లడం మంచిది. పుష్య బహుళ పంచమి, త్యాగరాజ ఆరాధన రోజుల్లో తప్పక వెళ్లండి.

తిరుగు బస్సు వేళ ముందే కనుక్కోండి. ఏ ఊళ్లో ఏ రాత్రి మేళం ఉందో పూలకొట్లో అడగండి. ఉత్సవాలకు దండలు కట్టేది వాళ్లే కదా!