పేరు పెట్టి పిలవండి

నేను జుబైల్‌లో ఫోర్‌మన్‌గా పనిచేశాను. ఒకరోజు కరీంనగర్ తమ్ముడొకడు, "అన్నా, జీతం టైముకే వస్తుంది గానీ, నన్నెవ్వరూ పేరు పెట్టి పిలువరు, నంబరుతోనే పిలుస్తరు" అన్నాడు. సిగ్గేసింది. అలా పిలిచేవాళ్లలో నేనూ ఉన్నాను.

జీతం సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు, దానికి గుర్తింపు, బాధ్యత కావాలి అని అమెరికన్ మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పాడు.

పేర్లు నేర్చుకున్నాను. పని ఎందుకో చెప్పి, వాళ్ల మాటా విన్నాను.

2021 మార్చి నుంచి సౌదీ ప్రైవేటు కంపెనీల్లో ఏడాది పనిచేసిన కార్మికుడు, ముందుగా నోటీసిచ్చి, యజమాని అనుమతి లేకుండానే వేరే ఉద్యోగానికి మారవచ్చు. మనిషిని ఇక భయంతో ఆపలేం, గౌరవంతోనే నిలుపుకోవాలి.