తొలి పాఠంలో ఏం చెప్పకూడదు



మాస్టారు ఉద్యోగ జీవితమంతా తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు సి భాష నేర్పారు. ఆయన పేరిట ఏర్పడిన ఈ ధర్మనిధి ఉపన్యాసానికి, కొత్త ప్రోగ్రామింగ్ భాషకు మొదటి పాఠం రాయడమన్న విషయాన్ని అందుకే ఎంచుకున్నాను. భాషలు కనిపెట్టినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. వాటిని ఏమీ తెలియని మనిషికి మొట్టమొదట అర్థమయ్యేలా రాసినవాళ్ల గురించి మనం మాట్లాడుకునేది తక్కువ. నన్నడిగితే, ఆ రాయడం కూడా భాషా నిర్మాణంలో భాగమే.

1970ల మొదట్లో, అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్‌లో బి అనే చిన్న భాష వాడుకలో ఉండేది. తయారుచేసింది కెన్ థాంప్సన్. దానికి పాఠం రాసింది ఆయన సహోద్యోగి బ్రయన్ కెర్నిహన్. ఆ పాఠంలో మొదటి ప్రోగ్రాం మూడు అంకెలను కూడి చూపిస్తుంది, అంతే. కొంత ముందుకు వెళ్లాక 'హలో, వరల్డ్' కనబడుతుంది, అదీ మూడు ముక్కలుగా. ఇంగ్లిష్‌లో కామా, ఖాళీ కలుపుకొని మొత్తం 12 అక్షరాలు. నాలుగేసి చొప్పున మూడు వేరియబుల్స్‌లో దాచి, ఒకదాని తర్వాత ఒకటి అచ్చువేయించారు. ఆ పాఠం ఉద్దేశించిన హనీవెల్ యంత్రంలో మెమరీ గది 36 బిట్లది. తొమ్మిదేసి బిట్ల అక్షరాలు అందులో నాలుగే పడతాయి. బి భాషకు ఆ గది తప్ప వేరే డేటా రకం తెలియదు. ఆ ఉదాహరణ పెట్టింది ఫంక్షన్ బయట ఉండే వేరియబుల్స్ ఎలా పనిచేస్తాయో చూపడానికే. అయినా చదివేవాడికి యంత్రం లోపలి కొలతలు కూడా కనబడిపోతున్నాయి. తర్వాత బైట్లను విడివిడిగా అందుకోగల పీడీపీ-11 యంత్రం మీద డెనిస్ రిచీ ఆ భాషను సి భాషగా పెంచారు. అక్షరానికి సొంత రకం వచ్చింది. కెర్నిహన్ 1974లో సి భాషకు రాసిన పాఠంలో అవే మాటలు ముక్కలు కాకుండా ఒకే వరుసలో, మొదటి ప్రోగ్రాంగా వచ్చాయి. పాఠం రాసేవాడికి ఎక్కడ చెయ్యి ఆగిపోతుందో, చాలాసార్లు అక్కడ భాషలోనే ఏదో సరిగా ఉండదు.

కెర్నిహన్, రిచీ కలిసి రాసిన సి పుస్తకం 1978లో వచ్చింది. మొదటి అధ్యాయం పూర్తిగా పాఠమే. భాష నియమాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పే రిచీ రిఫరెన్స్ మాన్యువల్ పుస్తకం చివర అనుబంధంలో ఉంది. ఈ అమరికను కొత్తగా పాఠం రాసేవాళ్లంతా శ్రద్ధగా చూడాలి. మాన్యువల్‌లో ఏదీ వదలకూడదు. పాఠంలో చాలా వదిలేయాలి. సి భాషకు ప్రాణంలాంటి పాయింటర్లు ఆ పుస్తకంలో ఐదో అధ్యాయం దాకా ఆగుతాయి. ఈ కాలపు రస్ట్ భాష పుస్తకమూ అంతే: రెండో అధ్యాయంలోనే అంకె ఊహించే ఆట రాయిస్తుంది, అసలు కష్టమైన ఓనర్‌షిప్ అనే భావనను నాలుగో అధ్యాయానికి వాయిదా వేస్తుంది.

వదిలేయడం సులభం. అబద్ధం చెప్పకుండా వదిలేయడమే కష్టం. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ సి పుస్తకంలోని రెండో ప్రోగ్రాం: ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే పట్టిక, 0 నుంచి 300 దాకా, ఇరవయ్యేసి డిగ్రీల చొప్పున. 1978 పుస్తకంలో దాన్ని మొదటే దశాంశాలతో రాశారు. సి భాషలో 5ను 9తో భాగిస్తే సున్నా వస్తుంది కాబట్టి 5.0, 9.0 అని రాయాలన్న హెచ్చరిక పక్కనే ఉంటుంది. 1988లో వచ్చిన రెండో కూర్పులో ఈ వరస మార్చారు. మొదట అన్నీ పూర్ణాంకాలే. ముందు 5తో గుణించి తర్వాత 9తో భాగిస్తారు. సున్నా ఫారెన్‌హీట్‌కు -17.8 రావలసిన చోట -17 వస్తుంది. ఆ లోపాన్ని వాళ్లే ఎత్తిచూపి, అప్పుడు దశాంశాలతో తిరిగి రాస్తారు. హెచ్చరిక చదివి గుర్తుపెట్టుకునే పని తప్పింది. తప్పు ఫలితాన్ని తన తెరమీద చూసిన విద్యార్థి దశాంశం కావాలని తనే అడుగుతాడు. పదేళ్ల తర్వాత తమ పాఠాన్ని తిరిగి తెరిచి ఇలా మార్చారే, అది నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

మన పిల్లలకైతే 0 నుంచి 300 అక్కర్లేదు. మనం ఎండను సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చెప్పుకుంటాం. 98 నుంచి 105 దాకా పట్టిక వేయించండి. పూర్ణాంకాల లెక్కలో 99కీ 37 వస్తుంది, 100కీ 37 వస్తుంది. జ్వరం వచ్చిందో రాలేదో తేల్చలేని ప్రోగ్రాం అది. ఏ ఇంటి పిల్లాడికైనా దాని లోటు వెంటనే తెలుస్తుంది.

మొదటి ఉదాహరణ పలకరింపే కావాలన్న నియమమూ లేదు. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ తెచ్చిన బేసిక్ భాష మాన్యువల్‌లో మొదటి ప్రోగ్రాం రెండు చరరాశుల సమీకరణాల సాధన! అక్కడి విద్యార్థులకు ఆ గణితం ముందే తెలుసు. కొత్తది భాష ఒక్కటే. సి పుస్తకంలో పలకరింపు రాయించింది వేరే కారణానికి. ప్రోగ్రాం టైపు చేయడం, కంపైల్ చేయడం, నడపడం, ఫలితం ఎక్కడ వచ్చిందో వెతుక్కోవడం, ఇవన్నీ ఒకేసారి కొత్త కనుక భాషను అతి చిన్నది చేశారు. ఒక్కసారికి ఒక్కటే కొత్త విషయం. ఆ ఒక్కటి ఏమిటన్నది చదివేవాడిని బట్టి మారుతుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడే ఒక చిక్కు ఉంది. సి పుస్తకంలో పట్టిక తర్వాత అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాం వస్తుంది. దానికి 'నమస్కారం' అని ఇవ్వండి, 24 అంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. పైథాన్‌ను అడిగితే 8 అంటుంది, ఎందుకంటే పొల్లును, దీర్ఘాన్ని, సున్నాను అది వేర్వేరుగా లెక్కపెడుతుంది. మూడో తరగతి పిల్ల నాలుగంటుంది. ముగ్గురూ సరైన లెక్కే చెబుతున్నారు. (ఆ యూటీఎఫ్-8ను 1992లో రాబ్ పైక్‌తో కలిసి రూపొందించింది బి భాష తెచ్చిన థాంప్సనే.) ఈ మూడు లెక్కల తేడాను తొలి పాఠంలో పెడితే విద్యార్థి బెదిరిపోతాడు. దాచి, ఇంగ్లిష్ మాటలతోనే సరిపెడితే తన భాష కంప్యూటర్‌కు పరాయిదనుకుంటాడు. నేనైతే మొదటి రోజు తెలుగులో పలకరింపు అచ్చువేయిస్తాను, లెక్కపెట్టడం మాత్రం బైట్ల పాఠం దాకా ఆపుతాను.

ఇక దోషాల సంగతి. సి పుస్తకంలో మొట్టమొదటి అభ్యాసమే, ప్రోగ్రాంలో భాగాలు తీసేసి ఏ ఎర్రర్ మెసేజీలు వస్తాయో చూడమంటుంది. మన పాఠాల్లో దీనికి చోటు ఇంకా పెంచాలి. సెమీకోలన్ మరిచిన విద్యార్థికి తెరమీద వచ్చేది ఇంగ్లిష్ వాక్యం. తప్పు ఒక వరుసలో ఉంటే కొన్ని కంపైలర్లు కింది వరుసను చూపుతాయి. పాఠంలో ఆ మెసేజీని ఉన్నదున్నట్టు అచ్చువేసి, ఒక్కో ముక్క కింద తెలుగులో అర్థం రాసి, పై వరుస కూడా చూడమని చెప్పాలి. మాస్టారి శిష్యులు చాలామంది ఈ సభలో ఉన్నారు. ఆయన క్లాసులో పిల్లలు ఎక్కడెక్కడ ఆగిపోయేవారో మీకు గుర్తున్నవి రాసి పంపితే, తెలుగులో రాసే అలాంటి పుస్తకంలో మొదటి అధ్యాయానికి కావలసిన సరుకు అదే అవుతుంది.