మన పుట్టినరోజులు, మన పిల్లల పుట్టినరోజులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఏటా జూలై 1న తెల్లవారుజామునుంచే మోగడం మొదలుపెడుతుంది. తొమ్మిది మందికి ఆ రోజే పుట్టినరోజు! అందులో నేనూ ఒకణ్ణి. మా అమ్మ మాత్రం "గంగమ్మ జాతర అయిన వారానికి పుట్టినావురా" అంటుంది. తిరుపతిలో జాతర జరిగేది మే నెలలో. మరి జూలై ఎలా వచ్చిందంటే, బళ్లో చేర్పించేటప్పుడు అయ్యవారు తేదీ అడిగితే నాయన నీళ్లు నమిలాడు. అయ్యవారు ఒక తేదీ వేసుకున్నారు. ఊరూరా అదే కథ. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి, 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అయినా ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టిన మాబోటి వాళ్లం చాలామందిమి ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. బడి అడ్మిషన్ రిజిస్టరే మాకు జనన ధ్రువపత్రం. అందులోని తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌కు, అక్కణ్ణుంచి సర్వీసు రిజిస్టరుకు నడిచింది. నేను రిటైరయ్యేది ఆ లెక్కప్రకారమే.

ఇప్పుడు దారి తిరగబడింది. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, ఓటుకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ, పెళ్లి రిజిస్ట్రేషన్‌కూ, సర్కారు ఉద్యోగానికీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. పాస్‌పోర్టుకూ అంతే. అయ్యవారు సర్దే వీలు లేదు. అందుకే ఇవాళ ఈ సంగతి ఎత్తుకున్నాను.

మా చెల్లెలి మనవరాలు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. తల్లి పేరు హేమలత. ఆసుపత్రి ఫారంలో ఎవరో 'లత' అని రాశారు, అదే పత్రంలోకి వచ్చింది. బిడ్డ తండ్రి విదేశంలో ఉన్నాడు. పాస్‌పోర్టు దగ్గర ఆగింది. ఈ లత, ఆ హేమలత ఒకరేనని కాగితం ఒప్పుకోదు గదా! నాలుగు నెలలు తల్లీబిడ్డలు ఇక్కడే ఉండిపోయారు. తండ్రి బిడ్డను ఫోన్లోనే చూసుకున్నాడు.

చట్టంలో 15వ సెక్షన్ దీనికోసమే ఉంది. అక్షర దోషమైతే రిజిస్ట్రారు విచారించి దిద్దుతారు. విషయమే తప్పు పడితే, సంగతి తెలిసిన నమ్మదగిన ఇద్దరు వాంగ్మూలం ఇవ్వాలి. హేమలత పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం జతచేశాం. ఇద్దరిలో ఒక సంతకం నాది. ఆ సెక్షన్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పాత నమోదును చెరపకూడదు. మార్జిన్‌లో సరైనది రాసి, రిజిస్ట్రారు తేదీతో సంతకం చేయాలి. మా ఇంజినీర్ల ఎం-బుక్కులో కూడా ఇదే పద్ధతి. కొలత తప్పు పడితే బ్లేడుతో గీకకూడదు, అడ్డగీత కొట్టి, సరైన అంకె వేసి, తేదీతో పొట్టి సంతకం పెట్టాలి. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు దిద్దారో రెండూ కనబడుతుంటాయి.

చిత్తూరు వైపు వాళ్లకు మరో చిక్కుంది. కాన్పుకు వేలూరు పోతారు. జననం నమోదయ్యేది పుట్టినచోటే, ఉండేచోట కాదు. కాబట్టి దిద్దుబాటుకూ తమిళనాడులోని ఆ ఆఫీసుకే పోవాలి. పైగా తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకూ అంతే. వాళ్లకు ఇనీషియల్ అంటే తండ్రి పేరులోని తొలి అక్షరం, మనకు ఇంటిపేరు. ఫారం నింపేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు మీరే రాసివ్వండి.

ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. అంతకుముందు తిరుపతిలో పుట్టిన పిల్లల పత్రంలో చిత్తూరు జిల్లా అని ఉంటే అది తప్పు కాదు. దిద్దించాలని తిరగొద్దు. న్యూమరాలజీ చూపించుకుని పేరులో ఇంకో అక్షరం చేర్చమనేవాళ్లకూ ఈ సెక్షన్ పనికిరాదు. అది తప్పు దిద్దడానికి, మనసు మారినందుకు కాదు. పేరు పెట్టకుండానే నమోదు చేయించి ఉంటే మాత్రం ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టి చేర్పించుకోవచ్చు.

కాన్పయిన 21 రోజుల్లో నమోదు జరగాలి. ఆసుపత్రి ఆ ఫారం పంపకముందే ఒక్కసారి చేతికి తీసుకుని చదవండి. తాతలైన మిత్రులారా, ఆ పని మీరు పెట్టుకోండి, తల్లిదండ్రులకు ఆ రోజుల్లో తీరికుండదు.

ఇప్పుడు ఇదే బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలను చేర్చుకునేటప్పుడు పత్రంలోని అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించండి. తల్లి ఆధార్‌తో పేరు కలవకపోతే ఆ రోజే ఇంటివాళ్లకు చెప్పి పంపండి. పదో తరగతి నామినల్ రోల్స్ పోయేనాటికి అదే తప్పు నాలుగు కాగితాల్లోకి పాకి ఉంటుంది, నాలుగు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.