మోటారు సైకిలు దీపము: బెత్తెడు వాలు

విశాఖపట్నములో పని పగటితో ముగియదు. ఓడరేవులో సరుకు దింపడము, ఎక్కించడము రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటుంది. ఉక్కు కర్మాగారములో కొలిమి ఆరకూడదు గనుక మనుషులే షిఫ్టుల వారీగా మారుతూ ఉండవలెను. రాత్రి పది గంటల వేళ గాజువాక నుండి కూర్మన్నపాలెము వెళ్ళే రోడ్డు ప్రక్కన నిలబడి చూస్తే, పనిలోకి వెళ్ళే మోటారు సైకిళ్ళ దీపాలు ఒక వైపు, పని దిగి ఇంటికి మళ్ళిన దీపాలు మరొక వైపు, రెండు వరుసలుగా కనిపిస్తాయి. వాటి నడుమ లారీలు, ట్రెయిలర్లు, బస్సులు. ఆ వరుసలను కాసేపు శ్రద్ధగా పరిశీలించిన వారికి ఒక సంగతి తెలిసిపోతుంది. కొన్ని దీపాలు రోడ్డును చూస్తున్నవి. కొన్ని ఎదుటివారి కళ్ళలోకి చూస్తున్నవి. మరికొన్ని రోడ్డు విడిచి చెట్ల కొమ్మలను వెతుకుతున్నవి.

ఈ మూడవ రకము దీపాల యజమానులను అడిగితే సాధారణముగా వచ్చే సమాధానము ఒక్కటే: "దూరము కనబడడము లేదని కొంచెము పైకి ఎత్తించినామండీ." వినడానికి సబబుగానే ఉన్నది. మన చేతిలోని టార్చి లైటును ఎత్తితే వెలుగు దూరము పోతుంది కదా! కాని ఈ తర్కము మోటారు సైకిలు దీపమునకు ఎంతవరకు వర్తిస్తుందో చూడవలసి ఉన్నది.

దీపమునకు రెండు పనులున్నవి. తాను కనబడడము ఒకటి. ఇతర వస్తువులను కనబరచడము రెండవది. డాల్ఫిన్ నోస్ కొండ మీద 1957లో కట్టిన దీపస్తంభము మొదటి పని చేస్తుంది. సముద్రము మీది నావికుడు ఆ దీపపు వెలుగులో దేనినీ చూడడు. ఆ దీపమునే చూచి తానెక్కడ ఉన్నదీ తెలుసుకుంటాడు. అందుచేత దానిని ఎంత ఎత్తున పెడితే అంత ప్రయోజనము. మన మోటారు సైకిలు దీపము కొంతవరకు ఈ పనీ చేస్తుంది. మన దేశములో 2017 ఏప్రిల్ నుండి తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంత సేపు, పట్టపగలైనా సరే, దీపము వెలుగుతూ ఉండే ఏర్పాటు చేసినది ఇందుకోసమే. కాని చీకటి పడిన తరువాత దాని ముఖ్య ధర్మము రెండవది. గుంటను, రాతిని, పడుకొన్న గేదెను, దీపము లేకుండా రోడ్డు వారగా నిలిపివేసిన లారీని సమయానికి కనబరచవలెను. అవన్నీ ఉండేది నేల మీద. వెలుగు నేల మీద పడకపోతే అవి కనబడవు.

మన వాహనములో ఉండే రెండు వెలుగులలో హై బీము సూటిగా ముందుకు పోతుంది. డిప్పు కొద్దిగా క్రిందికి వాలుతుంది. ఊళ్ళో గాని, ఎదురుగా వాహనాలు వచ్చే రోడ్డు మీద గాని వాడవలసినది డిప్పునే. అంటే గాజువాక రోడ్డు మీది ప్రయాణమంతా దాదాపు డిప్పు మీదనే జరగవలెను. కనుక దాని వాలు ఎంత అన్నదే అసలు ప్రశ్న. ద్విచక్ర వాహనాల డిప్పు వాలు నూటికి అర వంతు నుండి రెండున్నర వంతుల లోపల ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము చెబుతున్నది. నూటికి ఒకటిన్నర అనుకొంటే మధ్యస్థముగా ఉంటుంది. ఈ లెక్కను మన ఇంటి కొలతలోకి మార్చుకోవడము చాల సులభము. అయిదు మీటర్ల దూరములో ఉన్న గోడ మీద అది ఏడున్నర సెంటీమీటర్లు. మన పెద్దలు బెత్తెడు అన్న కొలత ఇదే. బొటనవ్రేలు విడిచి తక్కిన నాలుగు వ్రేళ్ళు చేర్చి గోడకు ఆనిస్తే సరిపోతుంది.

ఆ బెత్తెడు విలువ ఎంతో చూడండి. దీపము నేల నుండి 90 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. బెత్తెడు వాలులో డిప్పు వెలుగు పై అంచు 60 మీటర్ల దూరములో రోడ్డును తాకుతుంది. రెండు బెత్తెలు దించితే 30 మీటర్లకే తాకుతుంది. అసలు దించకపోతే ఎక్కడా తాకదు. నేలకు సమానముగా సాగి ఎదుటి కారు అద్దములోకి పోతుంది. బెత్తెడుకు తక్కువైతే ఎదుటివానికి ప్రమాదము, ఎక్కువైతే మనకు ప్రమాదము.

ఇప్పుడు దీనిని వేగముతో పోల్చవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు సుమారు 17 మీటర్లు. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకండు పట్టిందనుకొంటే, ఆ సెకండులోనే 17 మీటర్లు గడిచిపోతవి. ఆ తరువాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరి 23 మీటర్లు. మొత్తము 40 మీటర్లు. బెత్తెడు వాలున్న దీపము ఈ వేగానికి చాలుతుంది. అదే 80 కిలోమీటర్ల వేగమైతే ఆగేసరికి 63 మీటర్లు కావలెను. వెలుగు 60 మీటర్లకే ముగుస్తున్నది. పైగా వెలుగు అంచున నల్లని బట్టలు కట్టుకొన్న మనిషి స్పష్టముగా కనబడడు. ఇంకా చాల దగ్గరకు వచ్చిన తరువాతనే పోల్చుకొంటాము. వాన కురిసిన రోడ్డు మీద ఈ వేగాలన్నీ మరింత తగ్గించుకోవలెను. డిప్పు వెలుగు మీద 80లో వెళ్ళే యువకుడు తాను చూడని చోటికి వెళుతున్నాడన్నమాట.

ఇక దీపమును సరిచేసుకొనే పద్ధతి. దీనికి వర్క్‌షాపు అక్కరలేదు. చదునైన నేల, ఒక గోడ, ఒక సుద్దముక్క చాలును. అపార్టుమెంటు సెల్లారు గాని, పాఠశాల ప్రహరీ గాని సరిపోతుంది. మునిమాపు వేళ మంచిది. ముందుగా రెండు చక్రాలలోను గాలి సరిగా ఉన్నదో లేదో చూచుకొని, బండిని గోడ దగ్గరకు తీసుకువెళ్ళి, దీపము నడిమి భాగము ఎంత ఎత్తున ఉన్నదో అక్కడ సుద్దతో అడ్డగీత గీయండి. తరువాత బండిని తిన్నగా వెనుకకు అయిదు మీటర్లు జరపండి. స్టాండు వేయకూడదు. నడిపేవారు సీటు మీద కూర్చుని బండిని నిటారుగా పట్టుకోవలెను. డిప్పు వేసి చూస్తే గోడ మీద వెలుగుకు ఒక పై అంచు కనిపిస్తుంది. ఆ అంచు సుద్దగీతకు బెత్తెడు క్రింద ఉండవలెను. లేకపోతే, మెకానిక్కులు డూము అని పిలిచే భాగమునకు ఇరు వైపులా ఉన్న బోల్టులను కొద్దిగా వదులు చేసి, డూమును వంచి, మళ్ళీ బిగించుకోవచ్చును. కొన్ని బండ్లకు దీపము అడుగున ఒక స్క్రూ ఉంటుంది. దానిని త్రిప్పితే చాలును. బండితో ఇచ్చిన పుస్తకములో ఈ సంగతి ఉంటుంది గాని, ఆ పుస్తకము సాధారణముగా సీటు క్రింది నుండి బయటికి రాదు.

ఇంతవరకు చాలమందికి తెలిసినదే కావచ్చును. తెలిసినవారు కూడా మరచిపోయే విషయము మరొకటి ఉన్నది. మన ఊళ్ళో మోటారు సైకిలు ఒక్కరు ఎక్కే వాహనము కాదు. వెనుక భార్య కూర్చుంటుంది, నడుమ పిల్లవాడు కూర్చుంటాడు, ఒక్కొక్కప్పుడు బియ్యపు బస్తా కూర్చుంటుంది. వెనుక బరువు పడగానే వెనుక స్ప్రింగులు అణుగుతాయి. ముందు దీపము ముఖమెత్తుతుంది. వెనుక భాగము మూడు సెంటీమీటర్లు దిగినదనుకోండి. రెండు చక్రాల నడుమ దూరము 130 సెంటీమీటర్లయితే, దీపము నూటికి రెండుకు పైగా పైకి లేచినట్లు లెక్క. అంత శ్రద్ధగా పెట్టుకొన్న బెత్తెడు వాలు మాయమై, వెలుగు గీతకు పైకి పోతుంది. 50 మీటర్ల దూరములో దాని పై అంచు నేల నుండి 130 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కన్నులు దాదాపు ఆ వెలుగు లోపలనే ఉంటవి. డిప్పు వేసినాను, నా ధర్మము నేను నెరవేర్చినాను అని ఇతడు అనుకొంటాడు, ఎదుటివాడు తిట్టుకొంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

దీనికి విరుగుడు వెనుక షాకబ్జార్బరులోనే ఉన్నది. స్ప్రింగు క్రింద మెట్లు మెట్లుగా ఉన్న ఒక పట్టీ ఉంటుంది. పనిముట్ల సంచిలోని కొక్కెపు స్పానరుతో దానిని ఒకటి రెండు మెట్లు ఎక్కిస్తే బరువు పడినప్పుడు వెనుక భాగము అంతగా దిగదు. రోజూ ఇద్దరు వెళ్ళే ఇంట్లో, ఆ ఇద్దరినీ కూర్చోబెట్టియే గోడ పరీక్ష చేయవలెను. పట్టీని ముట్టకుండా ఇద్దరి బరువుకు దీపమునే దించితే, ఒంటరిగా వెళ్ళిన రోజున వెలుగు 24 మీటర్లలోనే ఆగిపోతుంది. కనుక ముందు స్ప్రింగు, తరువాత దీపము. ఈ వరుస మారకూడదు.

చట్టము కూడా ఎదుటివాని కన్నును మరువలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో, దీపమునకు 8 మీటర్ల ముందు, నేల నుండి మీటరున్నర ఎత్తున కన్నున్న మనిషికి ఆ వెలుగు మిరుమిట్లు గొలుపరాదని స్పష్టముగా ఉన్నది. ఈ నిబంధన వెనుక శరీరశాస్త్రమున్నది. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడడానికి సుమారు అరగంట పడుతుంది. ఒక తీవ్రమైన వెలుగు తగిలితే ఆ అలవాటు క్షణములో చెదిరిపోతుంది. తేరుకోవడానికి కొన్ని సెకండ్లు కావలెను. వయస్సు ముదిరినవారికి మరికొంత ఎక్కువ. 60 కిలోమీటర్ల వేగములో మూడు సెకండ్లంటే 50 మీటర్లు. ఎదుటివాడు హై బీము వేసినాడని మనమూ కోపముతో హై బీము వేస్తే, చూపు లేని ఇద్దరు ఒకరి మీదికి ఒకరు వస్తున్నట్లే. అటువంటప్పుడు వేగము తగ్గించి, చూపును ఆ వెలుగు నుండి మరల్చి రోడ్డు ఎడమ అంచు మీద నిలుపుకోవడము మేలు.

మిరుమిట్లను తప్పించడానికి పూర్వము మరొక పద్ధతి ఉండేది. 1971 డిసెంబరు యుద్ధ దినాలలో ఈ పట్టణము చీకటిలో గడిపినప్పుడు వాహనాల దీపాలకు నల్లరంగు పూసిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. దీపము పై సగానికి నలుపు పూసే అలవాటు ఆ తరువాత కూడా లారీలకు, బస్సులకు చాల ఏళ్ళు కనిపించేది. తమాషా ఏమిటంటే, తీగ క్రింద చిన్న రేకు అడ్డుగా ఉండే రకము బల్బులలో, డిప్పు వేసినప్పుడు రోడ్డుకు వెలుగును పంపేది దీపము లోపలి అద్దపు పై సగమే. సరిగ్గా దాని ముందే నలుపు పూసేవారు. వెలుగు తగ్గినది గాని, దిశ మారలేదు.

ఈనాటి ఆచారము దానికి పూర్తిగా వ్యతిరేకము. వెలుగు చాలదనగానే దుకాణానికి పోయి పెద్ద బల్బు కొనుక్కొని రావడము. 35 వాట్ల హాలోజను బల్బుకు ఏర్పరచిన గిన్నెలో 60 వాట్ల బల్బు పెడితే హోల్డరు, తీగెలు వేడెక్కి కరగవచ్చును. హాలోజను గిన్నెలో ఎల్.ఇ.డి. బల్బు దూర్చడము మరీ చెడ్డది. గిన్నె వంపు ఒక చిన్న తీగ ఉన్న చోటును బట్టి రూపొందినది. వెలుగు పుట్టే చోటు మారితే అది ఎటు పడితే అటు చిమ్ముతుంది. మన కంటికి తెల్లగా, గొప్పగా కనబడుతుంది. రోడ్డు మీద పనికివచ్చే వెలుగు మాత్రము పెరగకపోవచ్చును. కర్మాగారములోనే ఎల్.ఇ.డి. దీపముతో వచ్చిన బండ్ల సంగతి వేరు. వాటి గిన్నెలు వాటికే తగినట్లు చేసినవి.

పెద్ద బల్బు కొనే ముందు మన ఊరి గాలిని తలచుకోవలెను. సముద్రపు ఉప్పు, ఓడరేవు నుండి వచ్చే బొగ్గు, ఇనుప ఖనిజపు ధూళి, రెండూ కలిసి దీపము అద్దము మీద పలుచని పొరగా పేరుకొంటవి. పొడిగుడ్డతో తుడిస్తే ఆ ధూళియే అద్దమును గీస్తుంది. నీళ్ళతో తడిపి కడగవలెను. ఉప్పుగాలికి ఎర్తు తీగ చివర తుప్పు పడుతుంది. తుప్పు వలన బల్బుకు అందే ఓల్టేజి నూటికి పది తగ్గితే, వెలుగు తగ్గేది పది కాదు, సుమారు ముప్పది. బల్బు పాతబడినదని మనము నిందిస్తాము. ఆ తీగ చివరను గీకి, మళ్ళీ బిగిస్తే వెలుగు తిరిగి వస్తుంది.

ఇటువంటి లోపాలు పట్టణములో ఉన్నంతవరకు బయటపడవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వీధిదీపాలన్నీ ఆరిపోయిన రాత్రులలో, తమ బండి దీపమెంతటిదో చాలమందికి మొదటిసారి తెలిసినది. తరువాత నగరమంతటా ఎల్.ఇ.డి. వీధిదీపాలు వచ్చినవి, మళ్ళీ ఆ సంగతి మరుగున పడినది. ఆనందపురము దాటినప్పుడో, భీమిలి దాటి ముందుకు పోయినప్పుడో మాత్రమే అది గుర్తుకు వస్తుంది.

అనంతగిరి మీదుగా అరకు వెళ్ళేవారికి ఒక మాట. చలికాలములో ఘాటు రోడ్డు మీద మంచు క్రమ్మినప్పుడు హై బీము వేయరాదు. మంచు బిందువులు ఆ వెలుగును మన కన్నులకే త్రిప్పికొట్టి, ఎదుట తెల్లని తెర కడతవి. డిప్పు వేసి, ఎడమ అంచును అనుసరించి నెమ్మదిగా పోవలెను. అటువంటి రోడ్డు మీద గతుకులకు డూము బోల్టులు వదులు కావడము మామూలే. తిరిగి వచ్చిన మరునాడు సాయంత్రము బండిని మళ్ళీ అదే గోడ ముందు నిలిపి చూడండి. సుద్దగీత చెరిగిపోకుండా ఉంటే పని మరింత సులభము.