పార్సిల్ రాకపోతే ఎవరిని అడగాలి?

ఆన్‌లైన్‌లో కొన్న పట్టుచీర పెళ్లయిపోయాక వస్తే ఏం చేయాలి? ‘మేం పంపేశాం, కొరియర్ వాళ్లను అడగండి’ అంటారు అమ్మినవాళ్లు. కొరియర్‌ను కుదుర్చుకున్నది మనం కాదు కదా! 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును వెనక్కి తీసుకోబోమని, డబ్బు తిరిగి ఇవ్వబోమని అమ్మినవాళ్లు అనకూడదు. తుపాను వంటి, ఎవరి చేతిలోనూ లేని కారణాలకే మినహాయింపు.

సరుకు అసలు రాకపోతే అమ్మిన సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఉలుకూ పలుకూ లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు కొనుగోళ్లకు రుసుం కూడా లేదు. అన్నట్టు, సరుకు చేతికి రాకముందే డెలివరీ ఓటీపీ చెప్పకండి.