పాచికల పత్రికలో యంత్రక్రీడలకు చోటుండవలెనా?

ఒక విద్యకొఱకు వెలసిన పత్రిక, ఆ విద్యనుండియే పుట్టి దానికి పోటీగా ఎదుగుచున్న మఱియొక విద్యకు తన పుటలలో చోటీయవచ్చునా, కూడదా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును. కాని చందా కట్టిన పాఠకునకును, పత్రికను నడపు సంపాదకునకును ఇది సామాన్యమైనది కాదు. నేడు ఒక ఆటల పత్రికను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును విచారింపనెంచితిని. ఆటకేమి విచారణ యని శ్రోతలు నవ్వవలదు. పులిజూదము, అష్టాచెమ్మ, వామనగుంటలు ఆడి పెరిగినవారికి ఆటయందు ఎంత బుద్ధి, ఎంత స్నేహము, ఎంత పౌరుషము ఇమిడియుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1974లో అమెరికాదేశమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను వెలువరించిరి. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు సూత్రధారుడు, తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. వేషములు లేవు, రంగస్థలము లేదు; మాటయే సర్వము. “ఎదుట చీకటిగుహ యున్నది. లోపల నీటిచప్పుడగుచున్నది. మీరేమి చేయుదురు?” అని సూత్రధారు డడుగును. ఒకడు దివిటీ వెలిగింతు ననును; ఒకడు గుహలోనికి ఱాయి విసరుదు ననును. ఫలితము సందిగ్ధమైనచో ఇరువదిముఖముల పాచిక తీర్పు చెప్పును. మన యక్షగానమును, పచ్చీసును ఒకచోట కూర్చినట్లుండు నీ యాట.

దీనిని ప్రచురించిన టీ.ఎస్.ఆర్. సంస్థయే 1976 జూను నెలలో ‘డ్రాగన్’ అను పత్రికను ప్రారంభించెను. పదియేండ్లు గడచినపిమ్మట, అనగా 1986లో, అందు ‘ది రోల్ ఆఫ్ కంప్యూటర్స్’ అను శీర్షిక యొకటి తలయెత్తెను. లెస్సర్ అను ఇంటిపేరుగల కుటుంబమువారు కంప్యూటరు ఆటలను పరీక్షించి, వానికి నక్షత్రముల లెక్కన యోగ్యత నిర్ణయించుచుండిరి. ఇట్టి పత్రికలలో యంత్రక్రీడలు ప్రవేశించిననాడెల్ల పాఠకులు రెండు పక్షములుగా చీలుట కద్దు. మేము పాచికలకొఱకు పత్రిక కొన్నాము గాని యంత్రములకొఱకు కాదని కొందఱు. రెండును ఒకే చెట్టు కొమ్మలని మఱికొందఱు.

నేను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో పుస్తకప్రియులును, క్రీడాప్రియులును నగు మువ్వురు మిత్రులయెదుట ఈ వివాదమునుంచి వారి తీర్పు కోరితిని.

సూర్యాపేట మిత్రుడు ఉద్యోగవిరమణ మొందిన ఉపాధ్యాయుడు. ఆయన వాద మిట్టిది: చందా యనునది ఒక ఒడంబడిక. యంత్రక్రీడల నభిమానించువారికి 1981నుండియు ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ వంటి పత్రికలు ప్రత్యేకముగా నుండెడివి. బల్లయొద్ద ఆడువానికి శరణ్యములైన పత్రికలు మిక్కిలి కొద్ది. ఉన్నవాని కొఱకు లేనివాని పుటను తీసికొనుట న్యాయము కాదు. మఱియు, ‘కమొడోర్ 64’ అను గృహయంత్రము 1982లో వెలువడునప్పుడు దాని వెల 595 డాలర్లు. పాచికలకును, కాగితమునకును, పెన్సిలునకును అంత ధనమేల? యంత్రము కొనలేని బాలుడు ఆ పుటలను చూచి యేమనుకొనును?

కోదాడ మిత్రుడు హైదరాబాదు విజయవాడల నడిమి రహదారిప్రక్కన దుకాణము నడుపువాడు. దారిని పోవువారినెల్ల ఆదరించుట ఆయనకు వృత్తిధర్మము. ఆయన యనునది: 1981లో వెలువడిన ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’ అను యంత్రక్రీడలు ఈ బల్లయాట ఛాయలోనే పెరిగినవి. 1988లో వచ్చిన ‘పూల్ ఆఫ్ రేడియన్స్’ అను నాట సాక్షాత్తుగ దీని నియమములమీదనే కట్టబడినది. తన యింట పుట్టినవానికే తలుపు మూయు తండ్రి గలడా? యంత్రముద్వారమున ప్రవేశించి, తుదకు బల్లయొద్దకు వచ్చి కూర్చుండువా రుందురు. పత్రిక తలుపు మూసినచో వారు వేఱొకయింటికి పోవుదురు.

ఈ రెండు వాదములును నాకు సమబలములుగానే తోచినవి. నా యాలోచనను మరలించినవాడు మిర్యాలగూడ మిత్రుడు. అతడు యువకుడు, బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయును. ధాన్యము వచ్చు దినములలో అతనికి రాత్రి లేదు, పగలు లేదు. “బల్లయాటకు నలుగురు కావలెను. నలుగురికిని ఒకే వేళ తీరిక యుండవలెను. నాకట్టి భాగ్యము ఏడాదిలో నాలుగు దినములు కూడ లేదు. చేతిలోని ఫోను ఆటయే నాకు తోడు. కాని అన్నా, నేను పదిదినములు ఆడకపోయినను ఆ యంత్రము నన్ను ‘ఏల రాలేదు’ అని అడుగలేదు” అని యతడు చెప్పెను. అతడు పత్రికనుండి కోరున దొక్కటియే: ఒంటరిగా ఆడు యాటలలో ఏది బుద్ధిని పెంచును, ఏది కాలమును మ్రింగును అని తెలిసినవారు చెప్పవలెనట, తిరిగి నలుగురిలో కూర్చుండు దారి చూపవలెనట.

ఇట్టి సంకటము తెలుగువారికి క్రొత్తది కాదు. నాటకమునుండి చలనచిత్రము పుట్టినప్పుడు మనమును దీని నెదుర్కొంటిమి. 1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ నాటకమునుండి వచ్చినదే. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున లీలావతి పాత్రను ధరించిన కమలాబాయి, 1885లో మొదలైన సురభి నాటకపరంపరలోనిది. బందరున 1902లో వెలసి, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వమున సాహిత్యమునకును, దేశసేవకును పేరొందిన కృష్ణాపత్రిక తన పుటలలో చలనచిత్రవిమర్శకు చోటిచ్చెను. ‘సినిమా ఫాన్’ అను పేర ఆ విమర్శలు వ్రాసిన కమలాకర కామేశ్వరరావు కాలక్రమమున దర్శకుడై 1963లో ‘నర్తనశాల’ను తీసెను. సాహిత్యపు కొలతబద్దతో చిత్రమును కొలిచిన చేయియే పిదప చిత్రమును తీర్చెను.

సూర్యాపేట ఉపాధ్యాయుని భయము నిరాధార మని నేననను. చలనచిత్రము వచ్చినపిమ్మట ఎన్నియో నాటకసమాజములు మూతపడినవి. కాని పత్రికలు విమర్శ వ్రాయుటచేత అవి మూతపడలేదు. ప్రేక్షకుడు తన కాళ్లతో తాను నడచిపోయెను. పుట మూసినంతమాత్రమున త్రోవ మూతపడదు. ఆ త్రోవలోని మంచిచెడ్డలను చెప్పువాడు మాత్రము లేకపోవును.

కావున నా మతమున పత్రిక యంత్రక్రీడలకు చోటీయవచ్చును, మూడు నియమములతో. మొదటిది మితము. అతిథి కొకగది యీయవచ్చును గాని ఇంటి యజమానిని వసారాలో పరుండబెట్టరాదు. రెండవది కొలత. యంత్రక్రీడను బల్లయాట దృష్టితోనే పరీక్షింపవలెను. బల్లయొద్ద ఆటగాడు సూత్రధారుడు కలలోనైన తలపని ఉపాయమును చెప్పవచ్చును. సూత్రధారు డప్పటికప్పుడు దానికి తగిన లోకమును కల్పించును. సామాన్యముగా యంత్రక్రీడ తన్ను నిర్మించినవారు ముందుగా తలచిన త్రోవలనే చూపును. ఈ యాట ఆటగాని కెంత స్వేచ్ఛ నిచ్చును? ఈ ప్రశ్న నడుగని విమర్శ పాచికల పత్రికకు పరాయిదే. మూడవది నిర్మొగమాటము. ప్రకటనకు సొమ్మిచ్చినవాని యాటయైనను చెడ్డదైనచో చెడ్డదనియే వ్రాయవలెను. పందెపుటాటలకు అసలే చోటుండరాదు. మన తెలంగాణ రాష్ట్రము 2017లోనే ఆన్‌లైను పందెములను నిషేధించెను. 2025లో పార్లమెంటు చేసిన చట్టము సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించినది. మిల్లు కూలిని ఒకరాత్రిలో మ్రింగు యాటకును, స్నేహితుల యాటకును ఒకే పేరుండుట మన దౌర్భాగ్యము.

ఈ మూటికిని మించినది, కోపముతో వ్రాసిన పాఠకుని యుత్తరమును అచ్చువేయుట. పుటలో చోటనగా నేమో మన ప్రాంతమువారికి బాగుగ తెలియును. తెలంగాణమున కవులు లేరను మాట పుట్టినప్పుడు, గోలకొండపత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండకవుల సంచికను వెలువరించి 354 మంది కవులను లోకమునకు చూపెను. పుటకెక్కనివాడు లేనివానితో సమానుడగును. అందుచేతనే ఉపాధ్యాయుడు తన పుటకొఱకు పోరాడుచున్నాడు. మిల్లు గుమాస్తా తనకొక్క పుట కావలె ననుచున్నాడు. ఇరువురును ఒకే యాకలితో నున్నారు.

‘డ్రాగన్’ పత్రికలో లెస్సర్లవారి శీర్షిక 1993వఱకు సాగెను. ఆ పత్రిక అచ్చు 2007 సెప్టెంబరులో 359వ సంచికతో నిలిచిపోయెను. దానికి కారణము యంత్రక్రీడల పుటలు కావు. హక్కుదారులు ప్రచురణకర్తల యనుమతిని పొడిగింపకపోవుటయే. ఆ బల్లయాట యన్ననో నేటికిని చావలేదు. దాని నియమములమీద కట్టిన ‘బాల్డర్స్ గేట్ 3’ అను యంత్రక్రీడ 2023లో ప్రపంచమంతట ఖ్యాతిగాంచినది. తండ్రి యుండగనే కొడుకు పెరిగినాడు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోని యువకులెవరైన రేపు ఒక లిఖితపత్రికనైన ప్రారంభింపదలచినచో నా మనవి యిది: పులిజూదమునకు ముందుపుటల నిండు, ఫోను ఆటల విమర్శకు వెనుక ఒకటి రెండు పుటల నిండు, చివరిపుటను మాత్రము మీతో ఏకీభవింపని పాఠకునకు విడిచిపెట్టుడు. అతడు వ్రాయుచున్నంతకాలము మీ పత్రికను ఎవరో శ్రద్ధగా చదువుచున్నారని నమ్మవచ్చును.